చెక్క బంకుకు కొత్త రంగు

ముందొక మాట అడుగుతాను. మీ ఊళ్లో చెక్క బంకులు ఇంకా ఎన్ని మిగిలాయి? టీ బంకో, బీడీల బంకో, పంచర్ల బంకో, ఏదైనా సరే. ఇనప రేకులతో చేసినవి లెక్కలోకి రావు. పలకలు పక్కపక్కన పేర్చి మేకులు కొట్టి, ముందు తలుపు పైకెత్తి కర్ర ఊతం పెడితే పగలంతా నీడనిచ్చి, రాత్రికి దించి తాళం వేస్తే గోడైపోయే బంకు సంగతి నేను చెప్పేది. మా ఎర్రగుంట్లలో నాలుగు రోడ్ల కూడలి నుంచి రైల్వే స్టేషన్ వైపు నడుచుకుంటూ పోతే ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అమెరికాలో, ఇంగ్లండులో ఇళ్ల వెనక తోటలో చిన్న చెక్క గది ఉంటుంది. పారలు, గడ్డి కోసే మిషన్లు అందులో పెట్టుకుంటారు. ఎండలు రాగానే ఒక శనివారం చూసుకుని ఇంటాయనే రంగు చిమ్మే స్ప్రే గన్ను పట్టుకుని దానికి రంగు కొట్టేస్తాడు. అక్కడున్న మన పిల్లలు వీడియో కాల్లో చూపిస్తుంటారు కదా. మనకు తోటలో అంత చెక్క ఎక్కడిది? పొలంలో మోటరు గది కట్టుకున్నా నాపబండలతోనే కడతాం. మా ప్రాంతంలో చెక్క గది అంటే బంకే. కాబట్టి ఆ గన్నుతో మన బంకుకు రంగు వేసుకోవడం ఎట్లాగో మాట్లాడుకుందాం. అంతకంటే ముందు, వేయించుకోవాలా, తీసి పారేయాలా అన్నది తేల్చుకుందాం.

మా చిన్నాయనకు ఒక టీ బంకు ఉంది. వేప చెక్క. నాలుగు కాళ్ల కిందా నాలుగు బండలు. రంగు పొరలు పొరలుగా లేచిపోయి, పలకల సందుల్లో బూడిద పేరుకుని చూడ్డానికి దిగులుగా ఉండేది. ఆయన రేకు బంకుకు బయానా ఇవ్వబోతున్నాడని తెలిసి నేను అడ్డుపడ్డాను.

“చిన్నాయనా, మే నెలలో మధ్యాన్నం ఆ రేకుల్లో కూచోగలవా?”

“కూచోకపోతే యాపారమెట్లబ్బీ? పక్క బంకాయన కూచోలేదా?”

“కూచున్నాడు. తడి తువ్వాలు నెత్తిన కప్పుకొని కూచున్నాడు.”

దానికాయన ఏమీ అనలేదు. వేడిని ఒక పక్కనుంచి ఇంకో పక్కకు లాగే గుణం ఇనుముకు చెక్క కంటే వందల రెట్లు ఎక్కువ. ఇక్కడ వేసవిలో నలభై డిగ్రీలు దాటడం ఎవరికీ వార్త కాదు. అట్లాంటి చోట ఇనప డబ్బాలో మనిషిని కూర్చోబెట్టి, పక్కనే స్టవ్వు వెలిగించి టీ కాయమనడం నాకు సమ్మతం కాదు. చెక్క గట్టిగా ఉన్నంతకాలం చెక్క బంకునే కాపాడుకోవాలి. నేను వాదించేది ఇదొక్కటే, మిగతాదంతా దానికోసమే.

చెక్క గట్టిగా ఉందో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. చాకు మొన పలకలోకి గుచ్చి చూడండి. పైన నల్లబడ్డ పొర దాటగానే మొన ఆగిపోతే చెక్క బతికున్నట్టే. మెత్తగా దిగిపోతే అది చెదలు తిన్న పలకో, పుచ్చిన పలకో. ఆ ఒక్క పలక మార్చుకుంటే చాలు. నేలకు దగ్గరగా ఉండే పలకలకు చెదలు రాకుండా కాలిన ఇంజన్ ఆయిల్ పూయడం మన దగ్గర మామూలే. అట్లా ఆయిల్ తాగిన పలక మీద ఏ రంగూ నిలవదు. దాన్ని అట్లాగే వదిలేసి, ఆ పైనుంచి రంగు మొదలుపెట్టడం మేలు.

ఇక దుమ్ము. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎర్రగుంట్ల సున్నపురాయి మీద కూర్చున్న ఊరు. భూగర్భ శాస్త్రవేత్తలు నర్జి సున్నపురాయి అని పిలిచే పొరలు మన కింద ఉన్నాయి. వాటినే మనం నాపరాయి అంటాం, బయటి ఊళ్లవాళ్లు కడప బండ అంటారు. ఆ రాయి వల్లే చిలంకూరులో, కృష్ణానగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, ఆ రాయి వల్లే పాలిషింగ్ యూనిట్లు వచ్చాయి. కలమల్ల దగ్గర ఆర్టీపీపీ అనే థర్మల్ కేంద్రం బొగ్గు మండించి కరెంటు తీస్తుంది. అక్కడి బూడిద లారీలకెక్కి సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది. రాతిపొడి, సిమెంటు పొడి, బూడిద, చుట్టూ ఉన్న నల్లరేగడి మన్ను, ఇవన్నీ కలిసి నాలుగు రోడ్ల కూడలిలో ఉన్న బంకు మీదే వాలతాయి.

మామూలు దుమ్మైతే తుడిస్తే పోతుంది. సిమెంటు దుమ్ము అట్లా కాదు. దానికి క్షార గుణం ఉంది. చలికాలం రాత్రి మంచు కురిసి ఆ దుమ్ము తడిస్తే క్షారం మేలుకుంటుంది. మనం చెక్కకు వేసే ఎనామిల్ నూనెలతో చేసిన రంగు. నూనె మీద క్షారం పడితే సబ్బు తయారవుతుంది. సబ్బు ఫ్యాక్టరీలో జరిగేదీ అదే. రంగు పొర కింద అదే పని కొంచెం కొంచెంగా జరుగుతూ పోతే చెక్కకూ రంగుకూ పట్టు తప్పిపోతుంది. ‘పోయిన సంక్రాంతికే వేయించినాం, అప్పుడే లేచిపోయింది’ అని జనం కంపెనీని తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు డబ్బాలో ఉండదు, కడగకుండా దుమ్ము మీదే రంగు కొట్టడంలో ఉంటుంది.

అందుకని మొదటి పని కడగడం. పొడి బ్రష్షుతో సందుల్లోని బూడిదంతా దులపాలి. తర్వాత కొంచెం సబ్బు వేసిన నీళ్లతో రుద్ది, మంచి నీళ్లతో కడిగి ఆరనివ్వాలి. ఆరడానికి మా దగ్గర తొందరపడక్కర్లేదు, ఆ ఎండే చూసుకుంటుంది. కోస్తాలో వానాకాలం చెక్క ఆరక అవస్థపడతారు, ఆ బాధ మనకు లేదు.

తర్వాత గోకడం. ఇక్కడ నా మాట శ్రద్ధగా వినండి. పాత రంగుల్లో సీసం ఉండేది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని మన దేశంలో 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అంటే అంతకు ముందు వేసిన పొరల్లో సీసం ఎక్కువే ఉండొచ్చు. ఆ పొరల్ని పొడిగా ఉప్పు కాగితంతో రుద్దితే సీసం పొడి గాలిలో లేస్తుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషం అది. బంకు దగ్గర స్కూలు పిల్లలు నిలబడి చాక్లెట్లు కొనుక్కుంటారు. కాబట్టి కాగితాన్ని తడిపి రుద్దండి. కింద పాత పట్టా పరిచి, రాలిన పెచ్చులన్నీ మూటగట్టండి. చీపురుతో రోడ్డు మీదికి ఊడ్చేయకండి, దయచేసి.

మేకుల బొక్కలకు, పగుళ్లకు లప్పం పెట్టాలి. లప్పంలో ఉండే సుద్దపొడి కూడా సున్నపురాయి సంతతే. రంగు డబ్బాలో బరువు కోసం, గట్టితనం కోసం కలిపే పొడుల్లో ముగ్గురాయి ఒకటి. మన సీమలోని మంగంపేట ముగ్గురాయి గనులు ప్రపంచంలోనే పేరున్నవి. ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేవాళ్లకు పోతుంది, కొంత రంగుల పరిశ్రమకు పోతుంది. మన రాయి ఎక్కడెక్కడో తిరిగి డబ్బాలో పడి మళ్లీ మన బంకు మీదికి వస్తుందంటే నాకు సంతోషంగా ఉంటుంది.

సరే, గన్ను దగ్గరికి వచ్చాం. ఈ గన్ను పుట్టిందే సున్నం కొట్టడానికని మీకు తెలుసా? 1887లో షికాగోలో మార్షల్ ఫీల్డ్ అనే పెద్ద అంగడిలో మరమ్మతుల పనులు చూసే జోసెఫ్ బింక్స్ అనే ఆయన, నేలమాళిగ గోడలకు వెల్ల వేయడానికి చేత్తో పంపు కొట్టే యంత్రం తయారుచేశాడు. 1893లో అదే ఊళ్లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. వివేకానందుడు సర్వమత మహాసభలో మాట్లాడింది ఆ ఏడే, ఆ సందడిలోనే. ఆ ప్రదర్శనకు కట్టిన తెల్లటి భవనాలకు తక్కువ కాలంలో రంగు వేయడానికి ఇట్లాంటి యంత్రాలు పనికొచ్చాయి. అటుతర్వాత ఒహాయో రాష్ట్రంలో డివిల్‌బిస్ అనే వైద్యుడు గొంతులోకి మందు చిమ్మడానికి చేసిన సాధనాన్ని ఆయన కొడుకు రంగు చిమ్మే గన్నుగా మార్చాడు.

గన్నుకు అసలైన గిరాకీ మాత్రం కార్లతో వచ్చింది. 1924 నాటి ఓక్లాండ్ కార్లకు డ్యూపాంట్ కంపెనీ ‘డ్యూకో’ అనే రంగు వాడారు. అది ఎంత త్వరగా ఆరిపోతుందంటే బ్రష్షు తిప్పేలోపే గట్టిపడుతుంది. గన్ను తప్ప దారి లేదు. అంతకుముందు ఒక కారుకు రంగు ఆరాలంటే వారాలు పట్టేది. ఆ డ్యూకో పేరు మన వడ్రంగుల నోట ఇప్పటికీ ఉంది, గన్నుతో రంగు వేసిన బీరువాను డ్యూకో అనే అంటారు. తెలంగాణలో నిర్మల్ బొమ్మలకూ డ్యూకో రంగులు వాడతారు.

బంకుకు డ్యూకో అక్కర్లేదు. ఎండకూ వానకూ నిలబడే మామూలు బయటి ఎనామిల్ చాలు. ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తున్న బంకుకు నాలుగు పక్కలా కలిపి 140 చదరపు అడుగులు. లీటరు రంగు ఒక కోటుకు వంద చదరపు అడుగుల పైచిలుకు వస్తుంది. రెండు కోట్లు, గాలికి పోయేది కూడా కలుపుకుంటే నాలుగు లీటర్ల డబ్బా ఒకటి. ప్రైమరు వేరే.

గాలికి పోయేది అన్నాను కదా, అది చిన్న లెక్క కాదు. పాతరకం కంప్రెషరు గన్నుతో కొడితే సగం కంటే తక్కువ రంగే చెక్క మీద నిలుస్తుంది, మిగతాది పొగమంచై పోతుంది. తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి పంపే కొత్తరకం గన్నుల్లో మూడింట రెండొంతుల దాకా నిలుస్తుంది. ఆ పొగమంచు ఎక్కడ వాలుతుంది? పక్కన నిలబెట్టిన బండ్ల మీద, అరటిపళ్ల తోపుడుబండి మీద. నాలుగు రోడ్ల కూడలిలో గన్ను పట్టడానికి లేనే లేదు. బంకుకున్న సుఖం ఏమిటంటే నలుగురు పట్టి ట్రాక్టరుకు ఎక్కిస్తే కదిలిపోతుంది. చిన్నాయన బంకును ఊరి బయట దొడ్డికి తోలుకుపోయారు. చుట్టూ గుంజలు పాతి పచ్చ నెట్టు కట్టారు. నేల మీద కళ్లాపి చల్లినట్టు నీళ్లు చల్లారు, దుమ్ము లేవకుండా.

పొద్దున్నే గన్ను పని మొదలవ్వాలి. ఎండ ముదిరితే రంగు తుంపర చెక్కను చేరేలోపే గాల్లో సగం ఆరిపోయి, పొడిలా పడి గరగరలాడుతుంది. మరీ పెందలాడే వద్దు, పలకల మీద మంచు తడి ఉంటుంది. ఆ తడి ఆరి, ఎండ ఇంకా చురుక్కుమనని వేళ మంచిది.

మేస్త్రి పని దగ్గర నిలబడి చూశాను. ముందు రంగులో థిన్నరు పోసి కర్రతో కలిపాడు. కర్ర పైకెత్తితే రంగు ధార తెగకుండా జారి, చివర్లో చుక్కలు చుక్కలుగా పడాలట. ఆ తర్వాత పలచటి వాయిలు గుడ్డలో వడగట్టాడు. గుడ్డలో మిగిలిన గడ్డలు నాకు చూపించి, “ఇదొక్కటి ముక్కులో ఇరుక్కుంటే అయిపాయె సామీ” అన్నాడు. ఒక అట్టముక్క మీద మీట నొక్కి చూశాడు. మొదట మధ్యలో చిక్కగా, అంచుల్లో చుక్కచుక్కలుగా పడింది. వెనకున్న మర కొద్దిగా తిప్పాడు. రెండోసారి నిలువుగా సమానంగా పరుచుకుంది. అప్పుడు బంకు వైపు తిరిగాడు.

ఆయన చెయ్యి పలకకు జానెడు దూరంలో నిలబడింది, ఎక్కడా తగ్గలేదు పెరగలేదు. మణికట్టు విసరలేదు, భుజంతో సహా మనిషే పక్కకు నడిచాడు. పలక మొదలు కాకముందే నడక మొదలుపెట్టి, పలక రాగానే మీట నొక్కి, పలక దాటాక వదిలేవాడు. నడక ఆపి మీట పట్టుకుంటే రంగు అక్కడ ధార కట్టి కారుతుంది. మొదటి వరుస మీద రెండో వరుస సగం ఎక్కేట్టు దించుకుంటూ వచ్చాడు. గులాబీ రంగు ప్రైమరు పలకల సందుల్లోకి, బ్రష్షు వెళ్లని సన్నటి గాట్లలోకి కూడా పోయింది. గన్ను విలువంతా అక్కడే కనిపిస్తుంది. ఇన్ని పలకలు, ఇన్ని సందులు, ఇన్ని అంచులున్న బంకును బ్రష్షుతో చేస్తే నడుము పడిపోతుంది, అయినా సందుల్లో తెల్లగా మిగిలిపోతుంది.

కానీ గన్ను ఒక్కటే చాలదు. ఎండకు ఎండిపోయిన పాత వేప చెక్క నోరు తెరుచుకుని ఉంటుంది. మొదటి కోటు గన్నుతో కొట్టి, తడి ఆరకముందే వెంటనే బ్రష్షుతో ఒకసారి రుద్దితే రంగు చెక్క ఈనెల్లోకి దిగుతుంది. మేస్త్రి వెనకాలే ఆయన తమ్ముడు బ్రష్షు పట్టుకుని నడిచాడు. ఆపై కోట్లకు ఆ అవసరం లేదు. ఎనామిల్ కొన్ని గంటల్లో చేతికి అంటకుండా ఆరినా, రెండో కోటుకు ఒక రాత్రి ఆగడమే మంచిది.

ఏ రంగు వేయాలంటే, నా ఓటు లేత రంగులకే. లేత నీలం, లేత ఆకుపచ్చ, మీగడ రంగు. ముదురు రంగు ఎండను తాగుతుంది, చెక్క ఎక్కువగా సాగి ముడుచుకుని రంగు పగులుతుంది. పడమటి వైపు పలకలు ముందు పోయేది అందుకే. చిన్నాయన లేత నీలం ఎంచుకున్నాడు. పైన ‘టీ స్టాల్’ అన్న అక్షరాలు మాత్రం బ్రష్షుతోనే రాయించాడు. ఫ్లెక్సీ అతికించుకోవచ్చు కదా అన్నారు కొందరు. ఫ్లెక్సీ కింద తేమ, దుమ్ము చేరి రంగునే తినేస్తాయి. అదీగాక చేత్తో బోర్డులు రాసే వాళ్లకు పని దొరకడమే గగనమైపోయింది. మీకు తెలిసిన చిత్రకారుడు ఒకాయన మీ ఊళ్లోనూ ఉంటాడు, ఆయన్ని పిలవండి.

జాగ్రత్తల మాట చెప్పకుండా వదల్లేను. థిన్నరు ఆవిరి నిప్పు కోసం కాచుకుని ఉంటుంది. గన్ను ఆడుతున్నంతసేపు దగ్గర్లో బీడీ వద్దు, గ్యాస్ స్టవ్వు వద్దు. చెక్కకు అవిసె నూనె రాసేవాళ్లుంటే, అది తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో తడిపి పెట్టండి. గట్టిదనం ఎక్కువని పీయూ (పాలియురిథేన్) రంగు వేద్దామంటారు కొందరు. దాని హార్డెనరులో ఉండే ఐసోసైనేట్లు పీల్చిన మనిషికి ఆస్తమా తెచ్చిపెట్టగలవు. బంకుకు అది అక్కర్లేదని గట్టిగా చెప్పండి. మామూలు ఎనామిలైనా సరే, ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే తుంపర ఆగదు, ఆవిరి అసలే ఆగదు. ఆవిరిని పట్టే డబ్బాలున్న మాస్కు కావాలి. రాతిపొడి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో పాలిషింగ్ యూనిట్ల పక్కన బతికే మనకు ఒకరు చెప్పక్కర్లేదు. రంగు మేస్త్రుల ఛాతీ కూడా అంతే విలువైనది.

ఆ మేస్త్రికి మాస్కు చిన్నాయనే కొనిచ్చాడు. మొదట మొహమాటపడ్డాడు, “మాకలవాటేలే అన్నా” అన్నాడు. చిన్నాయన ఒప్పుకోలేదు. “నువ్వు దగ్గతా కూచుంటే నా బంకు నీలంగుండి యేం లాభం?” అన్నాడు. సాయంత్రం మాస్కు తీసి దాని వడపోత గుడ్డ మీద పేరుకున్న నీలాన్ని చూసి ఆయనే నోరెళ్లబెట్టాడు. అదంతా లోపలికి పోవాల్సిన రంగు.

ఇక మంచి కాలం ఏదంటారా? జూన్, జూలైలలో సీమలో వీచే గాలికి పచ్చ నెట్టు కూడా నిలబడదు. ఏప్రిల్, మే ఎండ సంగతి చెప్పనే చెప్పాను. డిసెంబరు, జనవరి మనకు దేవుడిచ్చిన నెలలు. గాలి నిమ్మళంగా ఉంటుంది, ఎండ మెత్తగా ఉంటుంది. సంక్రాంతికి ఇంటికి ఎట్లాగూ సున్నమో రంగో వేస్తారు, మేస్త్రులు ఊళ్లోనే దొరుకుతారు.

కాబట్టి మీకో, మీ వాళ్లకో చెక్క బంకు ఉంటే, రేకు బంకుకు బయానా ఇచ్చే ముందు ఒక్కసారి చాకు మొన గుచ్చి చూడండి. చెక్క గట్టిగా ఉంటే డిసెంబరులోనే పని పెట్టుకోండి. రంగు డబ్బాతో పాటు మేస్త్రికి మాస్కు కూడా మీ డబ్బుతోనే కొనండి.